చంప పైటలోని ఎర్ర పోగులు

మాళమడ్డి, ధారవాడ
1982 ఆగస్టు 9

సునీ,

అక్క దగ్గర్నుంచి కవరు వచ్చిందంటే ఎవరో పోయారని నీ గుండె దడదడలాడుతుందని తెలుసు. ఎవరూ పోలేదు. నా మోకాళ్లు మాత్రం పోయేలా ఉన్నాయి. సోలాపురంలో వానలు పడ్డాయా? మీ ఆయన దగ్గు తగ్గిందా?

ఇక అసలు సంగతి. నాన్న పోయినప్పటి నుంచి పందొమ్మిదేళ్లుగా తాళం వేసి ఉన్న పడసాల తెరిపించాను. షాబాదు బండలు చింతపండు పెట్టి తోమించాను. అటక మీది జంబుఖానా దింపితే ఎలుకలు రెండుచోట్ల కన్నాలు చేసి ఉన్నాయి. ఆ కన్నాల మీద లావుపాటి మనుషుల్ని కూర్చోబెడతాను. అవునే, మళ్లీ బైఠక్, ఇంట్లో పాటకచేరీ, పెడుతున్నాను. నవంబరు ఇరవై ఎనిమిది, ఆదివారం, పొద్దున ఎనిమిదింటికి. నాన్న రోజుల్లోలాగే పాతికమంది. మైకు లేదు, టిక్కెట్టు లేదు, ఆలస్యంగా వచ్చినవాడికి గడప బయటే చోటు.

వచ్చేవాళ్లందరికీ ఒకటే షరతు పెట్టాను. పెళ్లికి వచ్చినట్టు ముస్తాబై రావాలి. పాడే మనిషి ఏళ్లతరబడి సాధన చేసి వచ్చి కూర్చుంటే వినేవాళ్లు కనీసం తల దువ్వుకుని రావద్దా? తబలాకి నాన్న నాటి మన మౌలాసాబే. డెబ్బై దగ్గర పడుతున్నా నాలుక మాత్రం పదునుగానే ఉంది. "రిందక్కా, నల్లకోటు బయటికి తీశాను, చిమ్మెటలు నాకంటే ముందే తొడుక్కున్నాయి" అన్నాడు.

నీతో ఒక పని. మన మధ్యది, చంప, దాని ఇల్కల్ చీర నీ పెట్టెలోనే ఉంది కదా. ముదురు నీలం చీర, ఎర్రపట్టు పైట. అది తీసుకుని నువ్వే రా. రాలేకపోతే పంపు. పాడబోయే పిల్ల ఒకతె ఉంది, ఒడ్డూ పొడుగూ చంపలాగే ఉంటుంది. ఆనాడు ఆ చీర కట్టుకుని అది ఆ పడసాలలో పాడాల్సింది. దాని బదులు ఎవరైనా పాడితే నాకు కొంచెం ఊపిరాడుతుంది.

ఇంకో మాట, నవ్వకు. నేను వంటింట్లో కూనిరాగం తీస్తే పడసాలలో గోడకున్న తంబూరా పలుకుతోంది. తీగలకు అది మామూలేనంటాడు మౌలాసాబ్. మామూలే కావచ్చు. కానీ నేను ఆపేశాక కూడా అది కాసేపు ఆగదు.

మీ అక్క
రింద

*

సోలాపురం
1982 ఆగస్టు 20

అక్కా,

ఉత్తరం అందింది. పడసాల తెరిపించావు, సంతోషం. నేను రాలేను. నవంబరులో మా పెద్దాడికి పరీక్షలు. ఈయన దగ్గు అలాగే ఉంది.

చీర లేదు. పాతబడి చీకిపోయింది, పట్టు పొడి పొడిగా రాలుతోంటే పోయినేడు పారేశాను. పాడే పిల్లకి కొత్తది కొనివ్వు. చచ్చిపోయినవాళ్ల చీర ఎవరికైనా కట్టబెడతారా? ఆ పిల్ల తల్లి వింటే ఏమంటుంది?

తంబూరా జోలికి పోకు. అలాగే ఉండనీ. విప్పించడాలు, బాగుచేయించడాలు వద్దు.

సునంద

*

ధారవాడ
1982 సెప్టెంబరు 6

సునీ,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. తంబూరా విప్పిస్తానని నేను ఎక్కడ రాశాను?

చీర చీకిపోయిందా? మే నెలలో మీ ఊరు వచ్చిన మా వీధి వత్సల మీ మేడ మీద అది ఆరేసి ఉండగా చూసిందట. "సునందక్క దాన్ని నీడలోనే తిప్పి తిప్పి ఆరేస్తోంది, నా చెయ్యి కూడా తగలనివ్వలేదు" అంది. పారేసిన చీరను అంత ముద్దుగా ఆరేసేదాన్ని నిన్నే చూస్తున్నాను.

నువ్వు వద్దన్నావు కానీ, నీ ఉత్తరం రాకముందే మిరజ నుంచి తంబూరాలు బాగుచేసే అతన్ని పిలిపించాను. తీగలు తుప్పు పట్టాయి, నాలుగూ మార్చాడు. మార్చేటప్పుడు తీగలు ఆనే గుర్రం చెక్క మీద, వాటి కింద ఉండే దారాలు నాకు చూపించాడు. తెలుసుగా, ఆ దారప్పోగు సరైన చోట ఉంటేనే తీగ ఝుమ్మంటుంది, జరిగిందో మూగబోతుంది. ఎవరైనా అక్కడ నూలుదారం పెడతారు. మన తంబూరాకి ఉన్నవి ఎర్రపట్టు పోగులు. "ఎవరు పెట్టారో గానీ అమ్మా, చెవి ఉన్నవాళ్లే పెట్టారు, వీటిని తీయను" అన్నాడతను. సరేనన్నాను.

శ్రుతి మాత్రం దించాలి. ఇన్నేళ్లూ అది చంప శ్రుతిలోనే ఉంది, హార్మోనియం నల్లమెట్లలో ఐదోది, నల్ల ఐదు. ఇప్పుడు పాడే మనిషిది అంతకంటే కింద, నల్ల మూడు.

ఇక్కడ ముస్తాబుల హడావుడి మొదలైంది. పోస్టుమాస్టరుగారి భార్య చెవుల బుగడలు మెరుగు పెట్టించుకుంది. వత్సల గుళేదగుడ్డ నుంచి రవికెగుడ్డ తెప్పించి, కుట్టేవాడి ముందు కూర్చుని "మళ్లీ మళ్లీ రాని పూట ఇది, పాడుచేశావో నీ కత్తెరే నీకు దక్కదు" అని బెదిరిస్తోందట. ఈ వీధికి ఇలాంటి సందడి లేక ఎన్నాళ్లయింది!

చీర పంపవే. బతిమాలుతున్నాను.

రింద

*

సోలాపురం
1982 సెప్టెంబరు 19

అక్కా,

ఎర్ర పోగులు నేనే పెట్టాను.

ఇది ముప్పై మూడేళ్లుగా నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయిన మాట. రాసేశాను కాబట్టి మిగిలింది కూడా రాస్తాను.

అప్పటికి నాకు పదకొండేళ్లు. చంపక్కకి పంతొమ్మిది. నువ్వు అత్తవారింటి నుంచి దాని పాట వినడానికని వచ్చావు. వెనక కూర్చుని తంబూరా మీటే పని నాకిచ్చారు. బైఠక్‌కి ముందు ఆ పది రోజులూ నా కాళ్లు నేల మీద ఆనలేదు. ముందురోజు సాయంత్రం మిరజ నుంచి వచ్చిన గాయకుడు నాన్నతో మాట్లాడుతూ, నూలుకంటే పట్టు పోగు పెడితే తంబూరా ఇంకా తియ్యగా పలుకుతుంది అన్నాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. చంపక్కకి ఈ ఊళ్లో ఎవరికీ లేని తంబూరా మోగాలని నా ఆశ.

ఇంట్లో కొత్త పట్టు అంటే దాని చీర పైటే. కొంగు చివర లాగితే అందరికీ కనబడుతుందని భయం. అందుకని లోపల, నీలం చీరకు ఎర్ర పైటను పోగుకు పోగు మెలేసి, కొలికిలు వేసి కలిపే చోట, సూదితో నాలుగు పోగులు తీశాను. ఇల్కల్ చీరకి ప్రాణం అక్కడే ఉంటుందని పదకొండేళ్లదానికి ఏం తెలుసు? తెల్లారి చంపక్క ఆ చీర దులిపి భుజాన వేసుకునేసరికి జానెడు మేర కొలికిలు విడిపోయి నోరు తెరుచుకుంది.

తరవాతది నీకూ తెలుసు. అమ్మ చూసింది. కట్టకముందే చిరిగిన కొత్తచీర, అపశకునం, నలుగురిలో కూర్చోబెట్టేది లేదంది. మిరజ ఆయన తన తంబూరాతో పాడుకున్నాడు. మనది నల్ల ఐదులో శ్రుతి చేసి ఉంది, గోడకానించి, మీటే దిక్కులేక. చంపక్క లోపలి గదిలో, తలుపు వెనక, అదే చీరతో మధ్యాహ్నందాకా కూర్చుంది. మరుసటి ఆషాఢంలో జ్వరం దాన్ని తీసుకుపోయింది.

అప్పటి నుంచీ నేను ఏ కచేరీకీ వెళ్లలేదు. ఈయన రేడియో పెడితే లేచి పోతాను. పెళ్లిలో అమ్మ ఆ చీర నాకిచ్చింది, ఇంకెవరూ పుచ్చుకోలేదని. ఏడాదికి ఒకసారి తీసి ఆరేసుకుంటాను. నేను చేయగలిగింది అదొక్కటే.

ఇప్పుడు చెప్పు. ఆ చీర తెచ్చి ఇంకో ఆడపిల్లకి ఎలా కట్టమంటావు?

ఇంకొకటి. ఆ పాడే పిల్లకి నల్ల మూడేమిటి? అది వయసు మళ్లిన గొంతు కదా.

సునంద

*

ధారవాడ
1982 అక్టోబరు 14

సునీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. దసరాకి బొమ్మలు సర్దాలి, మోకాళ్లు నొప్పి, కరెంటు లేదు, ఇలా నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారే, అలా నేను ముప్పై మూడేళ్లు తాగాను.

చిరుగు మొదట చూసింది అమ్మ కాదు. నేను.

గదిలో చంపా నేనూ ఇద్దరమే ఉన్నాం. నేను కుచ్చిళ్లు పెడుతున్నాను. చిరుగు చూసి నేను కెవ్వుమంటే అది నవ్వింది. "పాడేది గొంతుతోనా పైటతోనా అక్కా? వీపు మీదికి తిప్పుకుంటా, పైన శాలువా కప్పుకుంటా. చూసేవాళ్లు చూస్తారు, వినేవాళ్లు వింటారు" అంది. పోగులు ఎక్కడికి పోయాయో కూడా దానికి తెలుసు. పొద్దున్నే తంబూరా శ్రుతి చేసింది అదే కదా. "మన సుని పనే. దాన్నేం అనకు. చూశావా, తంబూరా ఎలా పలుకుతోందో!" అంది. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

నేను కుచ్చిళ్లు వదిలేసి వెళ్లి అమ్మను పిలుచుకొచ్చాను.

చంపకి చూసిన బెళగాం పెళ్లికొడుకు మేనమామ ఆ పూట పడసాలలో కూర్చుని ఉన్నాడు. పాడే పిల్ల అని పేరు పడితే సంబంధం తప్పిపోతుందని అమ్మకి లోపల గుబులు. నాన్నకు ఎదురు చెప్పడానికి ఆవిడకో సాకు కావాలి. ఆ సాకు నేను పట్టుకెళ్లి చేతిలో పెట్టాను. ఎందుకు చేశానంటావా? నాకు పధ్నాలుగేళ్లప్పుడు ఇదే నాన్న నా పాట మాన్పించి పెళ్లి చేశాడు. నా గొంతు చంప గొంతుకంటే తక్కువదేమీ కాదు. చంప దగ్గరికి వచ్చేసరికి ఆయన మనసు మారింది, పట్టుచీర కొన్నాడు, మిరజ నుంచి మనిషిని పిలిచాడు. ఓర్వలేకపోయాను సునీ. ఆ ఒక్క పూట ఓర్వలేకపోయాను.

నువ్వడిగిన నల్ల మూడు నాదే. పాడే పిల్ల అంటూ ఎవరూ లేదు. మీ బావగారు పోయాక నేను ఇక్కడికి వచ్చినప్పటి నుంచి మౌలాసాబ్ ముందు కూర్చుని సాధన చేస్తున్నాను. యాభై ఎనిమిదేళ్ల విధవ ఎర్ర పైట వేసుకుని నలుగురిలో కూర్చుంటే ఈ వీధి ఏమంటుందో తెలుసు, అననీ. చంప పాడాల్సిన తోడి రాగం దాని చీర కట్టుకుని ఒక్కసారి పాడాలి. అది పాపానికి విరుగుడో, ఇంకో దొంగతనమో నాకు తెలియదు. నువ్వే చెప్పు. చీర నీది.

రింద

*

సోలాపురం
1982 అక్టోబరు 25

రిందక్కకు,

"దాన్నేం అనకు." ఈ ఒక్క మాట నువ్వు నాకు ముప్పై మూడేళ్లు ఇవ్వలేదు.

నా పెళ్లికి వచ్చావు. నా రెండు పురుళ్లకీ వచ్చావు. నేను పాట వినబడితే లేచిపోతుంటే చూశావు, "దీనికి సంగీతం గిట్టదు" అని నలుగురి ముందు నవ్వావు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

చీర పంపను. దాన్ని కట్టుకుని నువ్వు పాడితే చంపక్క పాడినట్టు కాదు. నువ్వు పాడినట్టే.

ఇక ఉత్తరాలు రాయకు.

*

(కార్డు)

ధారవాడ
1982 నవంబరు 15

సునీ,

రాయొద్దన్నా రాస్తున్నాను, ఇది కార్డే. నువ్వన్నది నిజం. నేను పాడితే నేను పాడినట్టే. అయినా పాడతాను, మానడం నాకు చేతకావడం లేదు. నా బూడిదరంగు నూలుచీర ఉతికి గంజిపెట్టాను. తంబూరాకి ఎవరినీ మాట్లాడలేదు. నా వెనక ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఎవరూ రాకపోతే ఒళ్లో పెట్టుకుని నేనే మీటుకుంటాను.

రింద

*

ధారవాడ
1982 డిసెంబరు 3

సునీ,

మంగళవారం నీ బండి కదిలాక స్టేషన్‌లో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. టీ అమ్మేవాడు "బండి వెళ్లిపోయింది పెద్దమ్మా" అని రెండుసార్లు చెప్పాడు.

శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గుమ్మంలో పెట్టెతో ప్రత్యక్షమయ్యావు. తిన్నగా పడసాలలోకి వెళ్లి, తంబూరా దించి, చీరకొంగుతో దుమ్ము తుడిచి కూర్చున్నావు. ఆదివారం పొద్దున చంప చీర మడత విప్పి "చేతులెత్తు" అన్నావు చూడు, అప్పుడు ఏడ్చాను. "ఏడిస్తే గొంతు పోతుంది, పాడాక ఏడువు" అని కసిరావు. అచ్చం అమ్మలాగే ఉన్నావు. చిరుగు కుట్టనా అని నువ్వడిగితే వద్దన్నాను. చంప చెప్పినట్టే వీపు మీదికి తిప్పి వేశావు.

ఇన్నేళ్ల తరవాత ఆ ఎరుపు భుజాన వేసుకుని పడసాలలోకి వచ్చాను. వత్సల చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. పోస్టుమాస్టరుగారి భార్య లేచి వచ్చి నా చెవి వెనక అత్తరు రాసి, వెళ్లి కూర్చుంది. అందరూ ఎంత బాగున్నారే! ఇస్త్రీ మడతలు నలగకుండా, పంచెలు సర్దుకుంటూ, జంబుఖానా కన్నాల మీద కూడా పద్ధతిగా కూర్చున్నారు. మౌలాసాబ్ కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు, పొట్ట మీద ఒక్కటి తప్ప.

ఇప్పుడు అసలు రాయాలనుకున్నది రాస్తాను. ఎదురుగా ఉన్నప్పుడు అడగలేకపోయాను.

నేను కూర్చుని కళ్లు మూసుకున్నాను. నువ్వు వెనకనుంచి తీగ మీటావు. నల్ల మూడు కాదు. నల్ల ఐదు. చంప శ్రుతి. నా గొంతు అక్కడికి చేరదని నీకు తెలుసు, నాకు తెలుసు. మౌలాసాబ్ తల ఎత్తి చూశాడు, తబలా శ్రుతి చేసే సుత్తి పక్కన పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. దించమని చెప్పడానికి నోరు తెరిచాను. నువ్వు మీటుతూనే ఉన్నావు. పాతికమందిలో ఒక్కరూ దగ్గలేదు, కదల్లేదు. ఎంతసేపలా విన్నామో తెలియదు. పాట లేదు, ఒక్క తంబూరానే. కానీ సునీ, నాకు తోడి వినబడింది. చంప గాంధారం మీద ఎలా ఆగేదో, అలాగే ఆగింది. అప్పుడు మౌలాసాబ్ "వహవా" అన్నాడు, మెల్లగా, పాడినవాళ్లకి చెప్పినట్టు. నేను వెనక్కి తిరిగి "ఇక దించవే" అన్నాను. నువ్వు దించావు. ఆ తరవాత నా గొంతుతో నేను పాడాను. బాగానే పాడానంటున్నారు. పాడుతున్నంతసేపూ హాయిగా ఉంది, ఎవరి బదులూ పాడుతున్నట్టు అనిపించలేదు.

దాని పూట దానికి ఇచ్చి, ఆ తరవాతే నాకు చోటిచ్చావు. నాకు తట్టని న్యాయం నీకు తట్టింది. నీ చేతులకు దణ్ణం పెడుతున్నాను.

నిన్న మౌలాసాబ్ వచ్చాడు. ఇంకా అదే మాట. "ఏడున్నరకి గేటు దగ్గరికి వస్తుంటేనే విన్నా రిందక్కా. పడసాలలో నీ చెల్లెలు ఒక్కతే కూర్చుని శ్రుతి చేసుకుంటోంది. ఆ చెయ్యి ఏం మారలేదు. కదిలించడం ఎందుకని నేను బయట అరుగు మీదే కూర్చున్నా" అన్నాడు. నీ చెయ్యి అంతగా గుర్తుందా అని నేనే ఆశ్చర్యపోయాను.

నీ అక్క
రింద

*

సోలాపురం
1982 డిసెంబరు 11

అక్కా,

నీ ఉత్తరం రెండు రోజులు చేతిలోనే పట్టుకుని తిరిగాను. ఈయన జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశారు.

నాకు దణ్ణం పెట్టకు. నేనేమీ చేయలేదు. శనివారం సాయంత్రం నీ హార్మోనియం పెట్టుకుని నల్ల మూడుకే శ్రుతి చేశాను. ఆదివారం స్నానానికి ముందు ఒకసారి మీటి చూశాను, నల్ల మూడులోనే ఉంది. మళ్లీ దాన్ని ముట్టుకుంది నీ వెనక కూర్చున్నప్పుడే. మొదటి తీగ మీటగానే అది నల్ల ఐదని తెలిసింది. నేను స్నానానికి వెళ్లినప్పుడు నువ్వే పెంచి ఉంటావనుకున్నాను, చంపక్క కోసం. అందుకే ఆపలేదు. అందుకే నీ మీద మిగిలిన కోపం కూడా అక్కడే, ఆ తీగల మీదే పోయింది.

ఏడున్నరకి నేను పడసాలలో లేను. గుర్తు తెచ్చుకో. గోడ గడియారం అరగంట కొట్టినప్పుడు లోపలి గదిలో నీ ముందు మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు పెడుతున్నాను. నోట్లో పిన్నులు ఉన్నాయి. తలుపు వేసి ఉంది. అవతల తంబూరా మోగుతోంది. మౌలాసాబ్ వచ్చాడేమోనని నువ్వన్నావు. నేను తలూపాను.

నీ వెనక కూర్చున్నప్పుడు నీ ముఖం నాకు కనబడలేదు, వీపే కనబడింది. వీపు మీద ఆ జానెడు చిరుగు. పాట లేకుండా తంబూరా మోగినంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. నీకు వినబడిన తోడి నాకూ వినబడింది అక్కా. నేను నీకు చెప్పలేదు, నువ్వు నాకు చెప్పలేదు. మన ఇంట్లో వాళ్లకి అదొక జబ్బు.

రాత్రి ఈయన రేడియో పెట్టారు. లేచి పోలేదు. పక్కన కూర్చుని చివరిదాకా విన్నాను. ఆయన శబ్దం కొంచెం పెంచారంతే.

భయపడుతున్నావా? నాకు భయం వేయడం లేదు. చీర నీ దగ్గరే ఉండనీ, నీడలో ఆరేయి. ఆ ఎర్ర పోగులు ఎవరినీ తీయనివ్వకు. పొద్దునపూట నువ్వు కూనిరాగం ఆపాక తంబూరా ఇంకా మోగితే, మోగనీ. ముప్పై మూడేళ్లు తలుపు వెనక కూర్చున్న పిల్ల అది. ఆ ఆదివారం లేచి వచ్చి పడసాలలో కూర్చుంది. ఈసారి మనిద్దరం అడ్డు రాలేదు.

నీ చెల్లెలు
సుని